పైన పెట్టిన ఒకటి

మోదుగుపాలెం బడిలో చిదంబరం మాస్టారని ఒకాయన ఉండేవారు. మనసు వెన్న, చదువు దండి, కానీ ఒక్కచోట ఒక్క నిమిషం నిలవలేని తొందర మాత్రం ఆయనతోనే పుట్టింది. చెప్పు ఒకటి తొడుక్కుని, రెండోది తొడుక్కుంటూనే వీధిలోకి వచ్చేసేవారు. అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లేవని కేకేసేవారు. పిల్లలెవరైనా ఏదైనా అడగబోతే సగంలోనే అందుకుని జవాబు చెప్పేసేవారు. పాపం, ఆ పిల్ల అడగబోయింది ఇంకోటి అయ్యుండేది! నోరు మూసుకుని కూర్చునేది.

ఆయన మూడో తరగతికి లెక్కలు చెప్పేవారు. కూడికలు మొదలుపెట్టిన కొత్తలో అంతా బాగానే ఉంది. ఇరవై మూడు కింద పద్నాలుగు. మూడూ నాలుగూ ఏడు, రెండూ ఒకటీ మూడు, ముప్ఫై ఏడు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు, గీత గీసి కూడేయడమే. పిల్లలు గబగబా చేసేవారు, మాస్టారు గబగబా దిద్దేసేవారు.

చిక్కంతా తర్వాత వచ్చింది. ఒకరోజు ఆయన ఇరవై ఏడు కింద పద్దెనిమిది వేసి కూడమన్నారు. ఏడూ ఎనిమిదీ పదిహేను. పిల్లలు ఆ పదిహేనుని అలాగే కింద రాసేశారు. రెండూ ఒకటీ మూడు, దాన్ని పక్కన పెట్టారు. మూడు వందల పదిహేను!

"ఓరి మీ దుంపతెగ! ఇరవై చిల్లరా పదీ చిల్లరా కలిస్తే మూడు వందలు దాటుతుందిరా?" అని మాస్టారు నెత్తి కొట్టుకున్నారు.

పక్క గదిలో రాజ్యం టీచరు ఉండేది. ఆవిడ ఒకటీ రెండూ తరగతులకి చెప్పేది. ఆవిడ బల్ల మీద ఎప్పుడూ చీపురు పుల్లల ముక్కలు ఓ డబ్బాడు ఉండేవి. కేకలు విని ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"మాస్టారూ, ఈ పుల్లలు తీసుకోండి. ఏడు పుల్లలూ ఎనిమిది పుల్లలూ కలిపించండి. పది అవగానే రబ్బరు వేసి కట్ట కట్టించండి. ఆ కట్ట ఇంక ఒకట్లలో ఉండదు, పదుల్లోకి వెళ్లిపోతుంది. నాలుగు రోజులు పిల్లల చేతే కట్టిస్తే వాళ్లకే తెలుస్తుంది" అంది.

"నాలుగు రోజులా! పుల్లలు కట్టుకుంటూ కూర్చుంటే ఏడాది అయిపోతుంది టీచరుగారూ. పైన ఒకటి పెట్టండర్రా అంటే పోలేదూ?" అన్నారు మాస్టారు. అంటూనే సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి పోయారు.

"కింద ఐదు వేయండి. పదుల నెత్తిన ఒకటి పెట్టండి. ఇప్పుడు కూడండి. ఎంత?"

"నలభై ఐదండీ!"

"చూశారా! ఎంతసేపు పట్టింది?" అని ఆయన గుమ్మం వైపు తిరిగారు. రాజ్యం టీచరు అప్పటికే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి తరగతిలో ఒకటే పాట. "పైన ఒకటి! పైన ఒకటి!" మాస్టారు ఇచ్చిన లెక్కలన్నీ అలాంటివే. ఒకటి పెట్టడం మరిచిపోయినవాళ్ల చెవి మెలిపడేది. పిల్లలు గట్టివాళ్లు కదా, చెవి కాపాడుకునే ఉపాయం త్వరగానే కనిపెట్టారు. అంకెలు ఏమిటో చూడకముందే, పండగనాడు గడపకి బొట్టు పెట్టినట్టు, పదుల నెత్తిన ఒక ఒకటి పెట్టేసేవారు. తర్వాత తీరిగ్గా కూడేవారు. లెక్కలన్నీ ఒకటి పెట్టాల్సినవే కాబట్టి అన్నీ ఒప్పే అయ్యేవి. మాస్టారు పొంగిపోయారు.

"రెండు రకాలూ కలిపి ఇచ్చి చూడండి మాస్టారూ, ఒకటి పెట్టాల్సినవీ, పెట్టక్కర్లేనివీ" అంది ఓసారి రాజ్యం టీచరు.

"పెట్టక్కర్లేనివి ఎప్పుడో అయిపోయాయండీ. అయిపోయిన పాఠం మళ్లీ ఎవరు చెబుతారు, టైమేదీ?" అన్నారాయన. ఆ మాట కూడా నడుస్తూనే అన్నారు.

కార్తీకమాసం వచ్చింది. ఏటా ఆ బడి పిల్లల్ని సముద్రం ఒడ్డున సరుగుడు తోటకి వనభోజనాలకి తీసుకెళ్లడం ఆనవాయితీ. తోట మధ్యలో ఒక ఉసిరి చెట్టుంది. దాని కింద పులిహోరా, దద్ధోజనం తిని, సాయంత్రం దాకా ఆడుకుని రావడం. ఊరి రైతులు రెండు ట్రాక్టర్లు పంపారు. పొద్దున్నే బడి ముందు గోలగోలగా ఉంది. కొందరు పిల్లలు జ్వరాలొచ్చి రాలేదు. వచ్చినవాళ్ల వెనకాల బడిలో పేరైనా లేని తమ్ముళ్లూ చెల్లెళ్లూ తోకల్లా వచ్చి తొట్టెలెక్కేశారు. వాళ్లని దింపబోతే ఒకటే ఏడుపు.

"ఎక్కనివ్వండి, ఎక్కనివ్వండి, ఆలస్యమైపోతోంది!" అన్నారు చిదంబరం మాస్టారు. ముందు ట్రాక్టరులో తలలు తట్టుకుంటూ లెక్కపెట్టారు. ముప్ఫై రెండు. వెనక ట్రాక్టరులో రాజ్యం టీచరు నింపాదిగా లెక్కపెడుతోంది.

"హైమా! పలక తే! ఇక్కడ ముప్ఫై రెండు. వెనక బండి లెక్క టీచరుగారిని అడిగి, రెండూ కూడి నాకు చెప్పు. పరుగెత్తు!"

హైమ మూడో తరగతి లీడరు. రెండు జడలు ఎగురుతుండగా వెనక్కి పరుగెత్తింది. టీచరు ఇరవై ఆరు అని చెప్పింది. హైమ పలకని మోకాలి మీద పెట్టుకుని కూడింది, మళ్లీ ముందుకి పరుగెత్తుకొచ్చి పలక ఎత్తి చూపించింది.

"అరవై ఎనిమిది మంది మాస్టారండీ!"

మాస్టారు అటు ఓ చూపు పారేశారు. పలక మీద పదుల నెత్తిన ఒకటి ముచ్చటగా కనిపించింది. "శభాష్! ఒకటి మరిచిపోలేదు!" అని హైమ వీపు తట్టి, "పోనీ, పోనీ!" అని డ్రైవరుని తొందరపెట్టారు.

మధ్యాహ్నం ఉసిరి చెట్టు కింద అరవై ఎనిమిది విస్తళ్లు వేయించారు. పిల్లలంతా కూర్చున్నాక పది విస్తళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

"ఇదేమిటండీ, పది మిగిలాయి?" అంది రాజ్యం టీచరు.

"ఆటల్లో పడుంటారు, ఆకలేస్తే వాళ్లే వస్తారు. మీరు వడ్డించండి!" అన్నారు మాస్టారు. ఆయన అప్పటికే తన పులిహోర సగం తినేశారు.

ఎండ చల్లబడింది. మాస్టారు ఈల వేసి అందర్నీ ఇసుకలో కూర్చోబెట్టారు. బండెక్కిస్తూ మెల్లగా లెక్కపెడదామని టీచరు అంటున్నా వినకుండా తలలు తట్టుకుంటూ లెక్కపెట్టారు. యాభై ఎనిమిది. మళ్లీ ఆ చివర నుంచి లెక్కపెట్టారు. యాభై ఎనిమిదే!

పదిమంది పిల్లలు లేరు.

ఆయనకి ఒక్కసారిగా ఖాళీ విస్తళ్లు కళ్ల ముందు కదిలాయి. అమ్మో, అప్పటికే పోయారన్నమాట! తను పులిహోర తింటూ కూర్చున్నాడు! ఎదురుగా సముద్రం హోరుమంటోంది.

"ఎవరు లేరర్రా? మీ పక్కవాళ్లు ఉన్నారా? చూసుకోండి!" అని అరిచారు.

పిల్లలు అటూ ఇటూ చూసుకున్నారు. "ఉన్నారండీ" అన్నారు.

"నీ తమ్ముడు?"

"ఉన్నాడండీ. ఇదిగోండి."

"మాస్టారండీ, అందరం ఉన్నామండీ" అంది వెనక నుంచి ఓ చిన్నపిల్ల.

"నోర్ముయ్! పదిమంది లేకపోతే అందరం ఉన్నామంటావా!" అని కసిరారు. పాపం, ఆ పిల్ల చెప్పింది నిజం. కానీ నిజం చెవిన పడాలంటే మనిషి ఒక్క క్షణం నిలవాలి కదా! చిదంబరం మాస్టారు ఎక్కడ నిలిచారు గనక?

రాజ్యం టీచరు ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "మాస్టారూ, ఒక్క నిమిషం. పొద్దున మీ బండిలో ఎంతమంది..."

"ఇప్పుడా అండీ లెక్కలు! పిల్లలు సముద్రంలో పోతుంటే! మీరు ట్రాక్టరు తీసుకుని ఊళ్లోకి వెళ్లండి. తల్లిదండ్రులకి చెప్పండి. వెళ్లండి!" అని ఆవిడని బలవంతాన ఎక్కించి పంపేశారు. తను చెప్పులు వదిలేసి ఒడ్డు వెంట పరుగు తీశారు.

కొంచెం అవతల జాలరులు సాయంత్రం వేటకి వల సర్దుకుంటున్నారు. వాళ్ల పెద్ద పోలయ్య. మాస్టారు పరుగెత్తుకుంటూ వెళ్లి అతని ముందు కూలబడ్డారు.

"పోలయ్యా, పదిమంది పిల్లలయ్యా! నీళ్లలోకి దిగారో ఏమో..."

పోలయ్య ఇంకేమీ అడగలేదు. "ఒరే, వేట మానండి! వల తిప్పండిరా!" అని కేక పెట్టాడు. పడవ నీళ్లలోకి దూసుకుపోయింది. పెద్ద వలని ఒడ్డుకి అర్ధచంద్రంలా తిప్పి, ఇటు కొందరూ అటు కొందరూ పట్టి లాగడం మొదలుపెట్టారు. మాస్టారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఏదో నల్లగా కనిపించిందని "అదుగో! అదుగో!" అని ఏడుస్తూ అరుస్తున్నారు. అది నాచో, నీడో. పిల్లలు ఒడ్డున బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. హైమ పలకని గుండెలకి హత్తుకుని ఏడుస్తోంది. పోయినవాళ్లెవరో దానికీ తెలియదు. అయినా మాస్టారు ఏడుస్తుంటే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది?

వల నీళ్లడుగున ఎప్పుడో మునిగిపోయిన పడవ మొండేనికి తగులుకుంది. జాలరులు ఆగలేదు. పిల్లలే చిక్కుకున్నారేమోనని ఇంకా గట్టిగా లాగారు. వల చర్రున చిరిగింది. ఒడ్డుకి వచ్చిన వలలో పీతలూ, నాచూ, ఒక కొబ్బరి బొండం తప్ప ఇంకేమీ లేవు.

ఇంతలో ట్రాక్టరు వచ్చింది. ఊరు ఊరంతా తొట్టెలో ఉంది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని దూకారు. మగవాళ్లు చెప్పుల్లేకుండా పరుగెత్తారు. ఎవరి పిల్లల పేర్లు వాళ్లు పిలుచుకుంటూ ఇసుకలో పడి, ఎవరి పిల్లల్ని వాళ్లు పట్టుకుని, ముద్దులు పెట్టుకుని, రెండు దెబ్బలు కూడా వేసి, చంకనెత్తుకున్నారు.

మాస్టారు నీళ్లలోంచి బయటికి వచ్చారు. పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి. తనని రాళ్లతో కొట్టినా సరే, ఆ పది ఇళ్లవాళ్ల కాళ్ల మీద పడాలని వచ్చారు. ఎవరి కాళ్ల మీద పడాలా అని చూశారు. ఈ తల్లి చంకలో పిల్ల ఉంది. ఆ తండ్రి చెయ్యి పట్టుకుని పిల్లాడున్నాడు. ఇటు చూశారు, అటు చూశారు. వట్టి చేతులతో ఉన్న తల్లి ఒక్కతీ కనపడలేదు.

పదిమంది పిల్లలు పోతే ఏడ్చే అమ్మ ఒక్కతీ లేదేమిటి?

పుట్టి బుద్ధెరిగాక చిదంబరం మాస్టారు మొదటిసారి ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయారు. తర్వాత మెల్లగా నడిచి హైమ దగ్గరికి వెళ్లారు.

"అమ్మా, ఆ పలక ఒకసారి ఇవ్వు."

పొద్దుటి లెక్క ఇంకా అలాగే ఉంది. ముప్ఫై రెండు, కింద ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. ఎనిమిది సరిగ్గానే వేసింది. మూడూ రెండూ ఐదు. కానీ మూడు నెత్తిన ఒకటి కూర్చుని ఉంది. అందుకని ఆరు.

"హైమా, పైన ఈ ఒకటి ఎందుకు పెట్టావమ్మా?"

హైమ కళ్లు తుడుచుకుంది. "మీరే పెట్టమన్నారు కదండీ. పెట్టకపోతే చెవి మెలిపెడతారు కదండీ."

"అది కాదమ్మా. అసలు ఆ ఒకటి అంటే ఏమిటి?"

హైమ ఆ ఒకటి వైపు చూసింది. "తెలీదండీ. పైన పెట్టేదండీ" అంది.

మాస్టారు ఇసుకలో చతికిలబడ్డారు. లేని పదిమంది పిల్లల్ని తనే పుట్టించి, తనే సముద్రంలో ముంచి, వాళ్ల కోసం ఊరందర్నీ ఏడిపించానని ఆయనకి అర్థమైంది. అర్థమై, పిల్లల ముందే వెక్కి వెక్కి ఏడ్చారు. సంతోషమో, సిగ్గో, రెండూనో!

సంగతి తెలిసి ఊరివాళ్లు ఒకటే గొడవ. "ఇదేం లెక్క మాస్టారూ! ప్రాణాలు తీశారు కదండీ!" అన్నారు కొందరు. "పొద్దుగూకుతోంది, ఇంక పదండి పదండి!" అన్నారు ఇంకొందరు.

"పోదాం. కొంచెం ఆగండి" అన్నారు చిదంబరం మాస్టారు. ఆగమనే మాట ఆయన నోట వినడం అదే మొదలు. అందుకేనేమో, అందరూ ఆగారు.

"టీచరుగారూ, మీ పుల్లలు లేవు. పిల్లలున్నారు. ఎలా కట్టాలో చెప్పండి."

రాజ్యం టీచరు నవ్వింది. పొద్దున మొదటి బండెక్కిన పిల్లల్ని ఒకపక్కకి పిలిచింది. పదేసి మందిని చేతులు పట్టుకుని వరసగా నిలబడమంది. మూడు వరసలయ్యాయి, ఇద్దరు మిగిలారు. రెండో బండి పిల్లలు రెండు వరసలయ్యారు, ఆరుగురు మిగిలారు.

"మిగిలినవాళ్లు ఒకచోటికి రండి. ఎంతమంది?" అన్నారు మాస్టారు.

"ఎనిమిది మందండీ!"

"మీరు ఒక వరస అవుతారా?"

ఎనిమిది మందీ చేతులు పట్టుకుని చూసుకున్నారు. "అవమండీ. ఇద్దరు తక్కువండీ."

"వరస కాలేదు కాబట్టి పదుల్లోకి వెళ్లే వరసే లేదు. పైన పెట్టడానికి ఏమీ లేదు. వరసలెన్ని?"

"ఐదండీ! ఐదు వరసలూ ఎనిమిది మందీ. యాభై ఎనిమిదండీ!"

చిరిగిన వల పక్కన జాలరుల పిల్లలు ఐదుగురు ఈ వింత చూస్తూ నిలబడ్డారు. మాస్టారు వాళ్లనీ పిలిచి, మిగిలిన ఎనిమిది మందిలో కలిపారు. పిల్లలు తమంతట తామే చేతులు పట్టుకోవడం మొదలుపెట్టారు. పదిమంది కాగానే ఒక కొత్త వరస తయారై, గబగబా వెళ్లి మిగతా వరసల పక్కన నిలబడింది. ఇసుకలో ముగ్గురు మిగిలారు.

హైమ ఒక్క గెంతు గెంతింది. "మాస్టారండీ! ఆ వరసేనండీ! పైన పెట్టే ఒకటి ఆ వరసేనండీ! ఒకటి కాదండీ అది, పదండీ!"

"అవునమ్మా, పది. వరస తయారైతేనే పెట్టాలి. తయారు కాకపోతే పెట్టకూడదు" అన్నారు మాస్టారు.

ఆరు వరసలూ ముగ్గురూ, అరవై మూడు అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. ఎవరూ చెప్పకుండానే.

వెళ్లేముందు మాస్టారు పోలయ్య దగ్గర చేతులు జోడించారు. "ఇవాళ నీ వేటా పోయింది, నీ వలా చిరిగింది. నా తొందర వల్ల" అన్నారు.

"వల చిరిగితే కుట్టుకుంటాం పంతులుగారూ. బుడ్డోళ్లు దక్కారు, అది చాలు. కానీ పేణం మాత్రం అరచేతిలోకి వచ్చేసిందయ్యా!" అన్నాడు పోలయ్య.

ఆ వల బాగయ్యేదాకా ప్రతి ఆదివారం మాస్టారు ఒడ్డుకి వెళ్లి, పోలయ్య పక్కన కూర్చుని, దారం అందిస్తూ, వల చివర పట్టుకుని ఉండేవారు. మొదట్లో కాళ్లు ఊరుకునేవి కావు. లేచేవారు, మళ్లీ కూర్చునేవారు. సోమవారం నాడు మూడో తరగతి బల్లల మీద చీపురు పుల్లల కట్టలు కనిపించేవి. ఒకటి పెట్టాల్సిన లెక్కా, పెట్టక్కర్లేని లెక్కా కలగలిపి ఉండేవి. ఏ పిల్లయినా చెయ్యెత్తితే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునైనా సరే, ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగేవారు. "అందరం ఉన్నామండీ" అన్న ఆ చిన్నపిల్లని ఇప్పుడు ముందు బెంచీలో కూర్చోబెట్టుకున్నారు.

పిల్లలూ, ఇందులో నీతి ఇది: ఎందుకో తెలియకుండా నేర్చుకున్నది ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పదు, అందుకని నేర్పేవాళ్లు తొందరపడకూడదు, నేర్చుకునేవాళ్లు "ఎందుకండీ?" అని అడగడానికి భయపడకూడదు.